కట్టను కాచిన ఊళ్లు

ఆర్మూరు నుండి నిర్మలకు పోవు రహదారి మీద, గోదావరికి ఇవతలి గట్టున, ముప్కాల్ అను ఊరు కలదు. 2016 నుండి అది మండల కేంద్రము. చుట్టుప్రక్కల పొలములలో ముఖ్యమైన పైరు పసుపు. రైతునకు కాసులిచ్చు పైరు అదియే; దిగులు పెట్టు పైరును అదియే. తొలకరిలో బోదెల మీద నాటిన దుంప సుమారు తొమ్మిది మాసములు భూమిలో నుండవలెను. నడుమ నీరు చాలకున్న దుంప ఊరదు. నీరు నిలిచిన దుంపకుళ్లు పట్టును. కాబట్టి ఈ సీమలోని రైతు మేఘమును చూచునపుడు ఒక కన్ను రమ్మనును, ఇంకొక కన్ను చాలుననును. మన పెద్దలు ఈతిబాధలను లెక్కించునపుడు అతివృష్టిని, అనావృష్టిని మొదట చెప్పిరి. ఆ రెండింటిని ఒకే యేడు చూచిన ఊళ్లు ఇచ్చట తక్కువ కాదు.

ప్రకృతి వైపరీత్యముల నెదుర్కొనుటలో ప్రజలకు పాలు కల్పింపవలెనని నేడు ఐక్యరాజ్య సమితి మొదలు జిల్లా కచేరి వరకు అందరును చెప్పుచున్నారు. చెప్పుట మంచిదే. కాని ఆ మాట విన్నపుడెల్ల మాకొక సందేహము కలుగును. ప్రజలకు ఆ పాలు పూర్వము లేకుండెనా? ఉండినచో ఎవరి చేతి నుండి ఎవరి చేతికి పోయినది? ఆర్మూరు ప్రాంతమువంటి చెరువుల సీమ చరిత్రను తిరుగవేసిన ఇందులకు కొంత సమాధానము దొరకును. ఆ సమాధానము మనము కోరుకొన్నంత తీయగా నుండదని ముందే మనవి చేయుచున్నాము.

తెలంగాణ పీఠభూమిలో పెద్ద నదులు లోతున పారును, పొలములు మిట్టన నుండును. గోదావరి దగ్గరనే పారుచున్నను, పోచంపాడు ఆనకట్ట కట్టువరకు ఈ ఊళ్లకు అది పుష్కర స్నానములకు పనికివచ్చినంతగా సేద్యమునకు పనికిరాలేదు. పంటకు ఆధారము వాన. వానను పట్టి నిలుపునది చెరువు. వాగునకు అడ్డముగా మట్టి కట్ట పోసి, పొలములకు నీరు వదలుటకు తూము పెట్టి, ఎక్కువైన నీరు పొర్లిపోవుటకు మత్తడి కట్టుదురు. పై ఊరి మత్తడి దుమికిన నీరు క్రింది ఊరి చెరువునకు చేరును. అది నిండినపిదప మరియొక ఊరికి. వీనినే గొలుసుకట్టు చెరువులందురు. పదుమూడవ శతాబ్దమున, కాకతీయుల యేలుబడిలో, పాకాల, రామప్ప, లక్నవరము వంటి పెద్ద తటాకములు వెలసినవి. వాని కీర్తి అందరెరిగినదే. ఊరూర నున్న చిన్న చెరువులను ఎవరు కట్టించిరో చాలచోట్ల పేరు సైతము మిగులలేదు.

చెరువు కరవునకు మందు. కాని ఆ మందులోనే ఒక విషము కూడ కలదు. కట్ట వెనుక నిలిచిన నీరు ఊరికి తలాపున నుండును. నడిరేయి కట్ట తెగినచో దిగువ మాగాణి ఇసుకమేట యగును, వాడలు మునుగును. అందుచేత చెరువు గల ఊరు ఒక ఆపదను తప్పించుకొనుటకై మరియొక ఆపదను చేజేతుల తెచ్చుకొన్నదే. దీనిని మన పూర్వులు బాగుగ నెరుగుదురు.

ఎరుగుదురనుటకు వ్రాతపూర్వకమైన సాక్ష్యము మన జిల్లాలో గాక దూరమున, కడప సీమలో దొరకినది. పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అచ్చట అనంతరాజ సాగరమను తటాకమును కట్టించెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు పని చేసినట్లు శాసనము చెప్పుచున్నది. చెరువు కట్టుటకు కావలసిన పండ్రెండు సాధనములను, తప్పించుకొనవలసిన ఆరు దోషములను అందు వరుసగా చెక్కించిరి. జలశాస్త్రమెరిగినవాడు, గట్టి నేల, దగ్గరలో రాతిగని, పనియందు ఆరితేరిన మనుష్యులు - ఇట్టివి సాధనములు. దోషములలో మొదటిది కట్ట నుండి నీరు ఊరుట. చౌడు నేల, చెరువు నడుమ మిట్ట, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట మరి మూడు. మిగిలిన రెండును ఒక తక్కెడకు రెండు సిబ్బెల వంటివి: నీరు కొంచెమై తడుపవలసిన నేల మిక్కుటమగుట, నేల కొంచెమై వచ్చు నీరు మిక్కుటమగుట. మొదటి దానిని కరవనియు రెండవ దానిని వరదయనియు మనమనుకొనవచ్చును. ఆరు వందల యేండ్లకు పూర్వమే ఈ రెండింటిని ఒకే జాబితాలో పెట్టిన బుద్ధిసూక్ష్మతను ఎంత మెచ్చుకొన్నను తీరదు. సరిహద్దు సంగతియు అట్టిదే. ఇద్దరు యజమానులున్న కట్టను ఎవ్వరును కాయరు గదా!

కట్టిన చెరువును నిలుపుకొనుట కట్టుటకంటె కష్టము. దానికి దశబంధమను ఏర్పాటుండెను. చెరువు తవ్వించిన లేక మరమ్మతు చేయించిన వానికి ఆయకట్టులో గాని ఫలసాయములో గాని పదియవ పాలు ఇచ్చి, కట్ట మంచిచెడ్డలను వానిపైనే పెట్టుదురు. ఇది ధనవంతుని పాత్ర. నిత్యము కట్ట మీద తిరుగువాడు వేరొకడు. వానిని నీరటి యనియు, మన ప్రాంతమున నీరడి యనియు పిలుతురు. తూము తీయుట, మూయుట, మడిమడికి నీరు పంచుట, కట్టను కాచుట వాని పని. జీతము నగదు కాదు. కల్లము వద్ద కొలిచియిచ్చు మేర.

నీరడి విద్య పుస్తకములలో లేదు. వానకాలమున కట్ట వెలుపలి వాలు మీద చెమ్మ కనిపించిన అతడు మొదట నీటి రంగును చూచును. ఊట తేటగా వచ్చినచో అంత భయములేదు. కట్ట చెమట పట్టినదనుకొనవచ్చును. ఊట ఎర్రగా, బురదగా వచ్చినచో లోపల మన్ను కొట్టుకొనిపోవుచున్నదన్నమాట. అప్పుడు ఆలస్యము చేయరాదు. నేటి ఇంజనీర్లు కూడ మట్టికట్టలకు ఈ పరీక్షనే మొదట చేయుదురు. ఎలుక బొరియలు, పీత రంధ్రములు, చెదపుట్టలు, ఎండిపోయిన చెట్టు వేళ్లు విడిచిన సొరంగములు - ఇవన్నియు కట్టకు శత్రువులు. ఎండకాలముననే వానిని వెదకి, త్రవ్వి, మన్ను కూరి, దిమ్మిస కొట్టవలెను. మత్తడి ముందర చేరిన కంపను, చెత్తను తొలకరికి ముందే తీసివేయవలెను. నీరు మత్తడి దాటి కట్ట తల నంటునంత రాత్రి వచ్చిన, ఊరిలో డప్పు మ్రోగును. ఇంటికొక మనిషి గడ్డపార, తట్ట, గడ్డిమోపు పట్టుకొని కట్ట మీదికి పోవలెను. ఏమియు సాగనినాడు, నష్టము తక్కువగు చోట తామే గండి కొట్టి మిగిలిన కట్టను దక్కించుకొనుటయు కలదు. ఎవరి పొలము వైపు గండి కొట్టవలెనను తగవు ఆ చీకటిలోనే తేలవలెను.

వరద సంగతి యిట్లుండ, కరవు సంగతిని నెమ్మదిగా కూర్చుండి తేల్చుకొనెడివారు. ఆబి పంట కోతల పిదప చెరువులో మిగిలిన నీరు తాబి పంటకు, అనగా యాసంగికి, ఎంత మేరకు చాలునో చూచి, ఇన్ని యెకరములకంటె నాటరాదని కట్టుబాటు చేసికొందురు. దీనికి తైబందీ యని పేరు. తూము రాళ్ల మీద నీటి మట్టమును చూచి, తూము క్రింది భూములన్నింటికి పాలు వేసి, పెద్ద రైతునకు గాని చిన్న రైతునకు గాని నీటిని బట్టియే మడి అను నియమము చేయుట దాని అందము. తైబందీ తప్పి నాటిన మడికి నీరు వదలరు. కరవు వచ్చిన పిదప గంజి కేంద్రములు పెట్టుటకంటె, కరవునకు ముందే నాటు తగ్గించుకొనుట ఎంత చవుకయైన ఉపాయమో వేరుగ చెప్ప నక్కరలేదు. నేటి శాస్త్రజ్ఞులు ప్రమాద భారమును ముందుగనే తగ్గించుటయని దేనిని వర్ణింతురో, దానికి తైబందీకి మించిన ఉదాహరణము మాకు కనబడలేదు.

ఇచ్చట ఒక చిన్న ప్రస్తావన. తెలంగాణమున చాల కట్టల మీద కట్టమైసమ్మ వెలసియుండును. చెరువులు నిండియుండు భాద్రపద ఆశ్వయుజములలో ఆడుపడుచులు తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను పేర్చి, కట్ట మీదుగా నడచి నీటిలో విడుతురు. వానకాలము ముగియు వేళ ఊరు ఊరంతయు కట్టను ఒకసారి చూచి వచ్చుటకు ఇంతకంటె మంచి నెపముండదు. పండుగ అందుకే పుట్టినదని మేము చెప్పము. పండుగ వలన కట్ట ఊరి కనులలో నుండెనని మాత్రము చెప్పుదుము.

ఇంతవరకు చెప్పినది చదివినవారు, పూర్వకాలము స్వర్ణయుగమని తలపవచ్చును. ఆ భ్రమను నిలువనీయరాదు. నీరడి పని వంశపారంపర్యమైన కులవృత్తి. అది చేయువారు ఊరికి వెలుపలి వాడలవారే చాలచోట్ల. వారు కాచిన మాగాణిలో వారికి మడి యుండుట అరుదు. హైదరాబాదు సంస్థానమున కట్ట పని పలుచోట్ల వెట్టిగా జరిగినది. దేశముఖు గాని పటేలు గాని కబురంపిన, కూలి లేకయే మన్ను మోయవలెను. ఇంటికొక మనిషి యన్నపుడు, ఏ యింటి మనిషి నిజముగ వచ్చునో అందరికి తెలియును. 1946 నుండి 1951 వరకు నడచిన తెలంగాణ రైతాంగ పోరాటమున వెట్టి రద్దు కావలెనను కోరిక ముందుండెననుట మనము మరువరాదు. 1949 లో జాగీర్దారీ రద్దయినది. వెట్టి పోయినందులకు ఎవ్వరును విచారింపనక్కరలేదు. కాని వెట్టితోబాటు కట్టపని కూడ పోవునపుడు, దాని స్థానమున కూలియిచ్చి చేయించు ఏర్పాటు ఊరి చేతిలో నిలువలేదు. అచ్చటనే మన కథ మలుపు తిరిగినది.

మలుపునకు మరియొక కారణము అంతకు ముందే హైదరాబాదు నగరమున కలిగినది. 1908 సెప్టెంబరు 28 న మూసీనది పొంగి నగరమును ముంచెను. సుమారు 15,000 మంది మరణించిరని లెక్క. అఫ్జల్‌గంజి ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి ప్రాణములు దక్కించుకొన్నవారి కథ నేటికిని చెప్పుకొందురు. ఆపద కారణమును విచారించుటకు నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. ఆయన లెక్క ప్రకారము నగరమునకు ఎగువ మూసీ పరీవాహక ప్రదేశమున 788 చెరువులుండెను. అనగా ఇంచుమించు చదరపు మైలునకొక చెరువు. వానిలో 221 తెగినవి. ఒకటి తెగిన నీరు క్రింది దాని మీద పడును. అది తెగి మరియొక దాని మీద. ఏ ఊరి కట్టను ఆ ఊరు ఎంత శ్రద్ధగ కాచుకొన్నను, ఎగువ ఊరు నిద్రపోయినచో ఫలము లేదు. గొలుసుకట్టులోని మంచియు చెడ్డయు ఇంత బాహాటముగ మరెన్నడు బయటపడలేదు.

దీనికి విశ్వేశ్వరయ్యగారు చూపిన పరిష్కారము నగరమునకు ఎగువ రెండు పెద్ద జలాశయములు. 1920 లో ఉస్మాన్ సాగరము, 1927 లో హిమాయత్ సాగరము పూర్తియైనవి. నగరము శతాబ్దమునకు పైగా వాని నీడలో నున్నది. పరిష్కారము సరియైనదే. కాని దానితో ఒక భావము కూడ వేరూనినది: వరదను ఆపుట పెద్ద కట్టడముల పనియనియు, పెద్ద కట్టడము ఇంజనీరు పనియనియు, ఊరు చేయవలసినదేమియు లేదనియు.

ఇట్లే కానవసరములేదని చూపుటకు హాలెండు దేశమును స్మరింపవచ్చును. సముద్ర మట్టముకంటె పల్లమున నున్న ఆ దేశములో గట్లను కాచుటకు పదుమూడవ శతాబ్దము నుండి స్థానిక జలమండలులు కలవు. అనగా మన పాకాల చెరువు వయస్సు వానిది. గట్టు క్రింద భూమి గలవాడు గట్టునకు పని గాని పన్ను గాని ఇచ్చి తీరవలెను. ఇయ్యనివాడు భూమిని విడిచి పోవలెను. తరువాత ఇంజనీర్లు వచ్చిరి, యంత్రములు వచ్చినవి, 1953 నాటి ఘోరమైన ఉప్పెన పిమ్మట ప్రభుత్వము మహా నిర్మాణములు చేసినది. ఐనను జలమండలులు పోలేదు. వానికి నేటికిని ఎన్నికలు జరుగును. పెద్ద కట్టడము వచ్చిన తావున చిన్న సభ చావనక్కరలేదని దీనివలన తెలియుచున్నది.

మన గోదావరి తీరమునకు మరలుదము. 1963 జూలై 26 న ప్రధాని జవహర్లాలు నెహ్రూ పోచంపాడు వద్ద శంకుస్థాపన చేసెను. అదియే పిమ్మట శ్రీరామసాగరమైనది. 42 గేట్లు, 1091 అడుగుల పూర్తి నీటిమట్టము, కాకతీయ, సరస్వతి, లక్ష్మి యను మూడు కాలువలు. నది ఒడ్డునుండియు నదినీటికి నోచుకొనని ఊళ్లకు ఇది పెద్ద వరము. కొన్ని ఊళ్లు వరమునకు ముందే మునిగినవి. ఆ సంగతి వేరొక ప్రసంగమునకు తగినది.

పెద్ద ఆనకట్టకును ఆపద రాగలదని నేర్చుకొనుటకు ఈ ప్రాంతమువారు దూరము పోనక్కరలేదు. గోదావరికి ఆవల, నాటి ఆదిలాబాదు జిల్లాలో, కడెము నదిపై కట్టిన ఆనకట్ట 1958 ఆగస్టులోనే, కట్టిన వెనువెంటనే, వరద కట్ట తలమీదుగ పొర్లి తెగిపోయినది. లెక్క వేసినదానికంటె నది ఎక్కువ తెచ్చినది. దానిని మరల కట్టి బలపరచిరి. 2022 జూలైలో మరల అట్టి వరద వచ్చినది. గేట్లు వదలగలిగినదానికంటె వచ్చు నీరు ఎక్కువయ్యెను; ఒక గేటు తెరచుకొనలేదు; నీరు గేట్ల మీదుగా దుమికినది; దిగువ ఊళ్లవారిని రాత్రికి రాత్రి తరలించిరి. ఈ మాటు కట్ట నిలిచినది. ఆ రాత్రి దిగువ ఊళ్లవారికి తమ ప్రాణములను గూర్చిన నిర్ణయమేదియు తమ చేతిలో లేదు. వారు చేయగలిగినది ఫోను మ్రోగినపుడు లేచి పోవుట మాత్రమే.

కాలువ నీరు వచ్చిన పిదప, అంతకంటె ఎక్కువగ బోరుబావులు వచ్చిన పిదప, చెరువు మీద ఊరి చూపు సడలినది. బోరు ఎవరిది వారిది. దానికి తైబందీ లేదు. శిఖము భూములు దున్నకములోనికి పోయినవి. కొన్నిచోట్ల ఇండ్లే లేచినవి. 1984 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వంశపారంపర్యపు గ్రామాధికారములను రద్దు చేసినది. ఆ పద్ధతి పోదగినదే. నీరడులు క్రమముగా గ్రామ సేవకుల లెక్కలో కలిసిరి. తరువాత గ్రామ రెవెన్యూ సహాయకులైరి. 2023 లో తెలంగాణ ప్రభుత్వము వారిని వేరువేరు శాఖలలో సర్దినది. ఉద్యోగము స్థిరమైనది, జీతము వచ్చినది. అది న్యాయమే. వారి తాతలెరిగిన ఊట రంగు విద్య ఏ శాఖలోనికి పోయినదో తెలియదు. నడుమ 1997 లో ఒక చట్టము చేసి, పదివేలకు పైగా సాగునీటి వినియోగదారుల సంఘములను ఎన్నుకొనిరి. మంచి ఆలోచన; కాని సంఘమునకు పేరు వచ్చినంత వేగముగ నిధి రాలేదు.

ఇక సముద్రతీరము వైపు ఒక్కసారి చూతము. చెరువు కట్ట చెప్పిన పాఠమునే అచ్చట ఉప్పెన మరింత కఠినముగ చెప్పినది. 1977 నవంబరు 19 న దివిసీమను ఉప్పెన ముంచి, పదివేలకు మించి ప్రాణములు తీసెను. అటు పిమ్మట తీరమున తుపాను ఆశ్రయ భవనములు లేచినవి. 1990 మే నెలలో దాదాపు అంత బలమైన తుపాను ఆంధ్ర తీరమునే తాకినది. లక్షల కొలది జనులను ముందుగ తరలించిరి. మృతులు వేయికి లోపు. గాలి తగ్గలేదు, మరణములు తగ్గినవి. వంగదేశపు తూర్పు తీరమున 1970 లో మూడు లక్షలకు తక్కువ కాకుండ జనులు చనిపోగా, 1972 నుండి బంగ్లాదేశమున ఊరూర స్వచ్ఛంద సేవకులను ఏర్పరచిరి. చేతి సైరను, జెండా, కొమ్ము బూర వంటి సాధనములతో ఇల్లిల్లు తిరిగి చెప్పుట వారి పని. రేడియోలో వచ్చిన హెచ్చరికను నమ్మనివారు సైతము తమ ఊరివాడు తలుపు తట్టిన లేతురు. రేడియో పత్రికలో ఈ మాట వ్రాయుటకు మేము సిగ్గుపడుట లేదు. వార్త ఎంత దూరమైనను పోగలదు; చివరి పది అడుగులు మనిషియే నడువవలెను.

2015 మార్చిలో ఒక చిత్రమైన యాదృచ్ఛికము జరిగినది. ఆ నెల 14 నుండి 18 వరకు జపానులోని సెండాయి నగరమున లోకములోని ప్రభుత్వములన్నియు కూడి, వైపరీత్యముల ముప్పును తగ్గించుటలో స్థానిక ప్రజలకు ముఖ్య స్థానమీయవలెనని పదునైదేండ్ల ప్రణాళికను అంగీకరించినవి. దానికి రెండు దినములు ముందు, 12 వ తేదీన, ముప్కాల్‌కు ఎక్కువ దూరము గాని సదాశివనగరమున పాత చెరువు వద్ద మిషన్ కాకతీయ ప్రారంభమైనది. సెండాయి పేరు సదాశివనగరమున ఎవరును తలచియుండరు. నలుబది ఆరు వేలకు పైబడిన చెరువులను పూడిక తీసి బాగుచేయవలెనని సంకల్పము. తీసిన పూడికను రైతులు తమ ఖర్చుతో ట్రాక్టర్ల మీద పొలములకు తోలుకొనిరి. ఎవ్వరును వెట్టి చేయలేదు. తమ లాభమునకు తామే మోసికొనిరి. చెరువునకు లోతు, చేనికి సత్తువ. ప్రజల పాలు అనుమాట నిజముగ నడచిన చోటు ఇది. ఐతే పూడిక తీయునపుడు కనబడిన ఉత్సాహము, తరువాతి యేండ్లలో కట్ట మీది తుమ్మలు కొట్టుటలో, మత్తడి ముందర చెత్త తీయుటలో అన్నిచోట్ల కనబడలేదు. ఆ పనికి మోసికొనిపోదగిన లాభమేదియు లేదు గదా!

ఫలము త్వరలోనే తెలిసినది. 2023 జూలై 25 న తెల్లవారులోపల ఆర్మూరు ప్రక్కనున్న వేల్పూరులో నలుబది సెంటీమీటర్లు మించిన వాన కురిసెను. ఒక్క రాత్రిలో అంత వాన ఏ నీరడి తాతయు చూచియుండడు. చెరువులు పొంగి రోడ్లు తెగినవి. 2025 ఆగస్టు చివరను కామారెడ్డి జిల్లా అట్టి వానకే అల్లాడినది. ఊళ్లు, రైలుదారి, రహదారి ఒక్కసారిగా జలమయమైనవి. పాత మత్తడులు పాత వానల లెక్కకు కట్టినవి. వాన లెక్క మారుచున్నదని వాతావరణ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కాబట్టి పాత కట్టుబాటును ఉన్నదున్నట్లు తెచ్చిపెట్టినను చాలదు.

మన ప్రాంతమున ఊరి బలము చచ్చిపోయినదని ఎవరైన అన్న మేము ఒప్పుకొనము. ఆర్మూరు, బాల్కొండ పరిసరములలో గ్రామాభివృద్ధి కమిటీలు ఎంత బలమైనవో అందరెరుగుదురు. చట్టమున వానికి చోటు లేదు. ఊరిలో వాని మాటకు తిరుగు లేదు. చందాలు కూర్చి గుడులు, బడి గదులు, దారులు కట్టించినవి కలవు. తలచుకొన్న ఒక్క దినమున మత్తడి బాగుచేయగల శక్తి వానికి కలదు. ఐతే ఆ శక్తియే మాట వినని ఇంటిని బహిష్కరించిన సంగతులు పోలీసు ఠాణాల దాక, న్యాయస్థానముల దాక పోయినవి. ఊరంతయు ఒకటైనపుడు, ఆ ఒక్కటిలో ఎవరు లేరో చూడవలెను. వెనుకటి వెట్టి నీడ పూర్తిగ తొలగలేదనిపించును. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము జిల్లా వరకు అధికారములు ఏర్పరచినది. ఊరిలో ఎన్నికైన పంచాయతి కలదు. కట్టపనికి కూలియిచ్చుటకు ఉపాధి హామీ పనులు మార్గము చూపినవి. బలము కమిటీలో, చట్టము పంచాయతిలో, డబ్బు కచేరిలో, కట్ట మాత్రము ఎవరి చేతిలోను గాక నున్నది.

ముప్కాల్‌కే వచ్చి చూడుడు. శ్రీరామసాగరపు వరద కాలువ ఈ ఊరి మీదుగా పోవును. 2017 ఆగస్టు 10 న శంకుస్థాపన జరిగిన పునరుజ్జీవన పథకము క్రింద, కాళేశ్వరపు నీటిని ఆ కాలువలోనే ఎదురెక్కించి శ్రీరామసాగరమునకు చేర్చుటకై రాంపూరు, రాజేశ్వరరావుపేట, ముప్కాల్ వద్ద పంపుహౌసులు కట్టిరి. 2016 వేసవిలో జలాశయము అడుగంటుట చూచినవారికి ఈ యంత్రముల విలువ తెలియును. పెద్ద కాలువలకు తూములు పెట్టి చెరువులను నింపుకొనుటయు తెలంగాణమున సాగుచున్నది. కరవు భయము నిజముగనే కొంత తగ్గినది.

కాని ఇందులో ఒక లెక్క మారినది. వెనుకటి రోజులలో మృగశిర నాటికి చెరువు ఎండియుండెడిది. మొదటి పెద్దవానను ఆ ఖాళీయే మ్రింగెడిది. కాలువ నీటితో ముందుగనే నింపిన చెరువున ఆ ఖాళీ యుండదు. ఆషాఢమున నిండు చెరువు మీద వేల్పూరు వాన వంటిది పడినచో, నీరంతయు మొదటి గడియ నుండియే మత్తడి మీదికి, కట్ట మీదికి వచ్చును. నింపిన రైతు తన వంతు మేలు చూచుకొన్నాడు. కట్ట దిగువ వాడలో మడి లేని కుటుంబమునకు ఆ మేలు లేదు, ముప్పు మాత్రము కలదు. యాసంగికి ఎన్ని యెకరములు నాటవలెనో తేల్చుకొన్న ఊళ్లు, వానకాలమున మత్తడికి ఎన్ని అడుగుల దిగువ నీటిని నిలుపవలెనో కూడ అట్లే తేల్చుకొనవలసియున్నది. ఆ తైబందీకి కూర్చుండు నాడు తూము క్రింది రైతులతోబాటు కట్ట దిగువ ఇండ్లవారిని పిలువవలెను. ఎగువ ఊరి నుండి ఒకరిని, దిగువ ఊరి నుండి ఒకరిని పిలువవలెను. కూర్చుండవలసినది జ్యేష్ఠమునకు ముందు, పసుపు కొమ్ములు బోదెలలోనికి పోకముందే.